క్లౌసెన్‌బుర్గు గురువుల జీవితము: సంఘ పునరుద్ధరణము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మేము చిరకాలము పాఠశాలయందు బాలురకు శబ్దమంజరియు, రఘువంశమును చెప్పి విశ్రాంతి గైకొన్నవారము. సంఘోద్ధరణమును గూర్చి కొన్ని మాటలు చెప్పుమని ఆహ్వానపత్రమున వ్రాసిరి. ఉద్ధరణోపాయములను తీర్మానరూపమున ప్రతిపాదింపగల సమర్థులు ఈ వేదికపై ననేకులు గలరు. కావున మేము తీర్మానముల జోలికి పోక, ఒక్క మహనీయుని జీవితమును మీ యెదుట నుంచదలచితిమి. ఆయన మన దేశమువాడు కాడు, మన మతమువాడు కాడు, మన భాష విన్నవాడును కాడు. అయినను ఒక సంఘము సమూలముగా నశించిన పిమ్మట దానిని మరల నిలువబెట్టుట యెట్లన్న ప్రశ్నకు, గ్రంథములలో గాక తన బ్రతుకున సమాధానము చెప్పినవారిలో ఆయన యొకరు. ఆయన పేరు యెకూతియేల్ యెహూదా హాల్బర్‌స్టామ్. లోకము వారిని క్లౌసెన్‌బుర్గు గురువులని పిలిచెను.

యూదులలో హసీదులను నొక భక్తసంప్రదాయము గలదు. హసీదనగా భక్తుడని యర్థము. పదునెనిమిదవ శతాబ్దమున తూర్పు యూరపు ఖండమున బాల్ షెమ్ తోవ్ అను మహాపురుషుడు ఈ మార్గమునకు మూలపురుషుడయ్యెను. శాస్త్రపాండిత్యము గలవాడే దైవమునకు దగ్గరివాడనుకొనుచున్న కాలమున, చదువురాని బండివాని కన్నీరును దైవము చేరునని వారు బోధించిరి. ఈ సంప్రదాయమున ప్రతి శాఖకును ఒక గురువుండును. ఆయనను రెబ్బె యందురు. శిష్యులు తమ పెండ్లిండ్లు, వ్యాపారములు, వ్యాధులు మొదలుకొని మనోవ్యథలవరకు సమస్తమును ఆయనకు నివేదించుకొందురు. గురుపీఠము తరచుగా తండ్రినుండి కుమారునకు సంక్రమించును. గురుపరంపర యన నేమో యెరిగిన మనకు ఇది వింతగా తోపదు.

అట్టి శాఖలలో సాంజ్ అనునది ప్రసిద్ధమైనది. దానికి మూలపురుషులు 1876లో దివంగతులైన హయ్యీమ్ హాల్బర్‌స్టామ్ గురువులు. వారు గొప్ప ధర్మశాస్త్రవేత్తలు. రాత్రి నిద్రించునప్పటికి ఇంట ధనము మిగిలియుండరాదని వారి నియమమనియు, ఉన్నదంతయు నానాడే దీనులకు పంచి పిమ్మటనే శయనించువారనియు చెప్పుదురు. వారి మునిమనుమడే మన కథానాయకుడు. 1905వ సంవత్సరమున, నాడు ఆస్ట్రియా సామ్రాజ్యములో చేరియుండి నేడు పోలండు దేశమున నున్న రుద్నిక్ అను చిన్న పట్టణమున వారు జన్మించిరి. పదుమూడేండ్లు నిండునప్పటికి తండ్రి గతించెను. పితృవియోగమునందును వారి విద్య యాగలేదు. బాల్యమునందే మేధావియని పేరుగొని, సిగెట్ పట్టణపు గురువుల కుమార్తెయగు పెస్సెల్‌ను వివాహమాడి, 1927లో, ఇరువది రెండేండ్ల ప్రాయమున, ట్రాన్సిల్వేనియా సీమయందలి క్లూజ్ నగరమున నొక సమాజమునకు ధర్మాధికారులైరి. ఆ నగరమునే జర్మనులు క్లౌసెన్‌బుర్గనియు, హంగేరీవారు కొలోజ్వారనియు వ్యవహరింతురు. అచ్చట వారు పాఠశాలను నడిపిరి, వివాదములను తీర్చిరి, బాలురకు చదువు చెప్పిరి. పదునొకండుగురు బిడ్డలు కలిగిరి. ఈ పదునేడేండ్ల కాలమును మేము రెండు వాక్యములలో ముగించుచున్నాము. సుఖముగా గడచిన కాలమునకు కథ యుండదు గదా!

1940 ఆగస్టులో ఆ సీమ రుమేనియానుండి హంగేరీ వశమయ్యెను. 1944 మార్చి 19వ తేదీన జర్మను సైన్యము హంగేరీలో ప్రవేశించెను. ఆ పిదప జరిగినది చెప్పుటకు మా నాలుక తడబడుచున్నది. ఆ వేసవిలో ఎనిమిది వారములలోపల హంగేరీనుండి దాదాపు 4,37,000 మంది యూదులను రైలుపెట్టెలలో కుక్కి తరలించిరి. వారిలో నత్యధికులు ఆష్విట్స్ మారణశిబిరమునకు చేరిరి. క్లూజ్ నగరపు యూదులను ఊరిబయటి ఇటుకల కర్మాగారమునకు తోలి, మే, జూన్ నెలలలో పదునారువేలకు పైగా జనులను పంపివేసిరి. రెబ్బెగారి భార్యయు బిడ్డలును ఆష్విట్స్‌లో హతులైరి. పెద్దకుమారు డొక్కడు యుద్ధాంతమువరకు బ్రతికియుండియు, తండ్రిని మరల చూడకయే వ్యాధిచే మరణించెను. పదునొకండుగురిలో నొక్కరును మిగులలేదు.

రెబ్బెగారిని మాత్రము చంపక, కాయకష్టమునకు పనికివచ్చునని వార్సా నగరమునకు పంపిరి. అచ్చటి యూదులవాడను జర్మనులు 1943లోనే నేలమట్టము గావించియుండిరి. ఆ శిథిలములలో నిటుకలు ఏరి పేర్చుట వీరికి విధించిన పని. తన జాతివారి యిండ్ల గోడలను తానే యెత్తిపోయవలసివచ్చెను. ఆ పిమ్మట డాఖవ్ శిబిరమునకును, మ్యూల్‌డోర్ఫ్ అడవియందలి పనిశిబిరమునకును తరలించిరి. ఇట్టి చోటులందును వారు నిషిద్ధాహారమును ముట్టలేదనియు, గడ్డమును తీయనీయక పంటినొప్పి యున్నవానివలె గుడ్డ చుట్టుకొని కాపాడుకొనిరనియు తోడి బందీలు పిమ్మట చెప్పిరి.

ఆ దినములలో జరిగిన యొక సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మాకు ముందు పనియున్నది. ఒకనాడు వారి చేతికి తుపాకిగుండు తగిలి రక్తము కారజొచ్చెను. శిబిరపు వైద్యశాలకు పోయినవాడు తిరిగి వచ్చుట యరుదు. అందుచే వారు ఒక చెట్టునుండి ఆకు త్రుంచి గాయముపై నుంచి, కొమ్మతో బిగించి కట్టుకొనిరి. గాయము మానెను. ఆనాడు మనస్సులో నొక సంకల్పము చేసికొనిరట: ‘మేము బ్రతికి బయటపడినచో పవిత్రభూమియందొక వైద్యశాలను కట్టింతుము. అచ్చటికి వచ్చిన ప్రతి మనుష్యునికిని, వాడెవడైనను, ఆదరముతో చికిత్స జరుగవలెను’ అని. వైద్యశాలయనగా మృత్యువునకు మారుపేరైన చోట ఇట్టి సంకల్పము కలిగినది.

1945 వసంతమున అమెరికా సైన్యము వారిని విడిపించెను. అప్పటికి వారి వయస్సు నలుబది. ఇల్లు లేదు, ఊరు లేదు, ఆలుబిడ్డలు లేరు, శిష్యులు లేరు. బవేరియా సీమలో ఫెల్డాఫింగ్, ఫ్యోరెన్‌వాల్డ్ అను చోటులందు నిర్వాసితులకై శిబిరములు నెలకొల్పబడెను. అచ్చట చేరినవారు తమ్ము ‘శేషించినవార’ మని పిలుచుకొనిరి. ఆ పేరు వారి వేదమునుండి గ్రహించినది.

మహాజనులారా! ఇచ్చట మేము మన పురాణకథ నొకదానిని స్మరింపక తప్పదు. భారతము ఆదిపర్వమున వసిష్ఠులవారి చరిత్రము గలదు. రాక్షసావేశము నొందిన కల్మాషపాదుడు ఆయన కుమారులు నూర్గురిని భక్షించెను. బ్రహ్మర్షియయ్యు వసిష్ఠుడు శోకమును భరింపలేక ప్రాణత్యాగమునకు సిద్ధపడెను. కొండనుండి దుమికెను, అగ్నిలో ప్రవేశించెను, త్రాళ్లతో కట్టుకొని నదిలో పడెను. ఏదియు నాయనను గ్రహింపలేదు. తుదకు తన వెంట నడచుచున్న కోడలు అదృశ్యంతి గర్భమునుండి వేదధ్వని వినవచ్చెను. వంశము నిలిచియున్నదని తెలిసి ఆయన మరణప్రయత్నము మానెను. ఆ గర్భస్థశిశువే పరాశరుడు.

వసిష్ఠునకు తన వంశపు శిశువు పలుకు వినబడినది. ఈ రెబ్బెగారికి ఆ భాగ్యమును లేదు. వారికి వినబడినవి పరుల బిడ్డల పలుకులు. ఆ పలుకులనే వారు తమ వంశధ్వనిగా గ్రహించిరి. వారి శేషజీవితమంతయు ఇందుండియే ప్రవహించినదని మా విశ్వాసము.

యూదులకు యోమ్ కిప్పూర్ అను ప్రాయశ్చిత్తదినము సంవత్సరమున నత్యంత పవిత్రమైనది. దాని ముందటి సాయంకాలమున తండ్రి తన బిడ్డల శిరస్సులపై చేతులుంచి ఆశీర్వదించుట వారి యాచారము. 1945లో, విడుదల పొందిన పిమ్మట వచ్చిన మొదటి ప్రాయశ్చిత్త పర్వమున, ఒక బాలిక రెబ్బెగారి గది తలుపు తట్టెను. ‘ప్రతి సంవత్సరమును ఈ వేళ మా నాయన నన్ను దీవించెడివాడు. ఇప్పుడు నాకెవ్వరును లేరు’ అని యేడ్చెను. రెబ్బెగారు ఆమె శిరస్సుపై వస్త్రము కప్పి, చేతులుంచి, తండ్రివలె దీవించిరి. ఆమె వెడలునంతలో మరియొకతె వచ్చెను. ఆమె వెనుక వేరొకతె. వార్త శిబిరమంతయు ప్రాకెను. పర్వకాలము సమీపించుచున్నను, ఒక్కొక్కరిని పేరుపేరున దీవించిగాని వారు లేవలేదని ఆనాటివారు చెప్పుకొనిరి. కన్నబిడ్డల శిరస్సులు తడవవలసిన చేతులు, కన్నవారు లేని బిడ్డల శిరస్సులపై నిలిచినవి.

ఆ పర్వమున పఠించు పాపోచ్చారణ మంత్రము మన అకారాది క్రమమువలె అక్షరక్రమమున కూర్చబడినది. ఒక్కొక్క యక్షరమునకు నొక్కొక్క దోషము. రెబ్బెగారు ఆనాడు దానిని ప్రశ్నగా మార్చి, ‘శిబిరములలో మనము దొంగిలించితిమా? దొంగిలించుట కేమున్నది? గర్వించితిమా? గర్వించుట కేమి మిగిలినది?’ అను తీరున నొక్కొక్క దోషమును తలచి త్రోసివైచిరట. తుదకు, రాత్రి పరుండునప్పుడు మరునాడు మేల్కొనకుండునట్లు చేయుమని దైవమును వేడుకొంటిమే, ఆ నిరాశయే మనము చేసిన తప్పని ముగించిరట. విన్నవారిలో కన్నీరు పెట్టనివారు లేరని వినికిడి.

కేవలము కన్నీటితో సంఘము నిలువదు. రెబ్బెగారు కార్యశూరులు. శిబిరమున శుద్ధాహారపు వంటశాలను, స్నానతీర్థమును, బాలురకు విద్యాపీఠమును, బాలికలకు ప్రత్యేక పాఠశాలను ఏర్పాటు చేసిరి. యువతీయువకులకు సంబంధములు కుదిర్చి, తల్లిదండ్రుల స్థానమున తామే నిలిచి వివాహములు జరిపించిరి. ఇందొక ధర్మసంకటముండెను. యూదుల ధర్మశాస్త్రము ప్రకారము భర్త మరణించినట్లు రుజువు లేనిదే స్త్రీ పునర్వివాహమున కర్హురాలు కాదు. కాని ఆ మారణశిబిరములలో మరణమునకు సాక్షులేరి? శవమేది? శిబిరములలోని ధర్మాధికారులు ఒక్కొక్క విధవ మాటను, ఒక్కొక్క తోడి బందీ వాఙ్మూలమును ఓపికతో విచారించి, శాస్త్రము నుల్లంఘింపక యామెకు మార్గము చూపవలసివచ్చెను. శాస్త్రము కఠినమనువారు ఈ సందర్భమును తలంపవలెను. శాస్త్రమును చక్కగా చదివినవాడే దానిలోని దయను కనుగొనగలడు. అర్ధపండితునకు దానిలోని నిషేధములే కనబడును.

1946లో నిర్వాసితులకై ద్రవ్యము కూర్చుటకు వారు అమెరికాకు పోయిరి. 1947లో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గు పేటయందు స్థిరపడిరి. ఆ సంవత్సరమే, స్లొవాకియా దేశమున నిట్రా విద్యాపీఠమును నడపి, 1945లో అడవులలో దాగియుండగా మరణించిన ఉంగర్ గురువుల కుమార్తెను పునర్వివాహమాడిరి. ఆ దంపతులకు ఐదుగురు కుమార్తెలు, ఇద్దరు కుమారులు కలిగిరి. కనిష్ఠునకు మాతామహుని పేరు పెట్టిరి.

అమెరికాలో సుఖముగా నుండిపోవచ్చును. కాని వారి దృష్టి పవిత్రభూమిపై నుండెను. ఈ విషయమున హసీదులలోనే తీవ్రమైన భేదాభిప్రాయముండెను. వారి మొదటి భార్యకు పినతండ్రియగు సత్మార్ గురువులు, యోయెల్ టైటెల్‌బామ్‌గారు, 1948లో నేర్పడిన ఇజ్రాయేలు రాజ్యమును మతదృష్టితో గట్టిగా నిరసించిరి. ఆయనయు ఆ మహావిపత్తునుండి బయటపడి, అదే విలియమ్స్‌బర్గులో మహత్తరమైన సంఘమును నిర్మించినవారే. హాల్బర్‌స్టామ్‌గారు రాజకీయపక్షముల ననుసరింపకపోయినను, ఆ భూమియందు నివసించుట, కట్టుట, పెంచుట మంచిపనియని తలంచిరి. ఇరువురును పండితులు, ఇరువురును నష్టపోయినవారు. ఇద్దరి మార్గములును వేరయ్యెను. ఇందెవరు సరియని నిర్ణయించుట పరులమగు మాకు తగదు. అభిప్రాయభేదము వచ్చినప్పుడు రెబ్బెగారు చేసిన పని యేమన, తమ వాదమును కరపత్రములలో గాక రాతిలో కట్టిచూపుట.

1956లో మధ్యధరా సముద్రతీరమున, నెతన్యా పట్టణమున, కిర్యత్ సాంజ్ అను పేటకు శంకుస్థాపనము జరిగెను. తాము కొలువున్న క్లౌసెన్‌బుర్గు పేరు గాక, దీనులకు పంచనిదే నిద్రింపని ముత్తాతగారి ఊరిపేరు దానికి పెట్టుట గమనింపదగినది. 1960 ప్రాంతమున వారు తామే వచ్చి యచ్చట నివసించిరి. క్రమముగా ప్రార్థనామందిరము, బాలబాలికల పాఠశాలలు, విద్యాపీఠములు, అనాథబాలలకు గృహము, వృద్ధులకు ఆశ్రమము ఏర్పడెను. ఇసుకతిన్నెలపై నొక ఊరు లేచెను.

ఇక, ఆకు కట్టిన గాయమునాటి సంకల్పము. అది ముప్పదేండ్లు కాచుకొనియుండెను. వైద్యశాల కట్టింతునన్నప్పుడు, ఒక మతగురువునకు ఈ పనియేలయని యడిగినవారుందురు. రెబ్బెగారు పదేండ్లకు పైబడి దేశదేశముల తిరిగి ద్రవ్యము కూర్చిరి. స్విట్జర్లాండునందలి లనియాదో సోదరుల యాస్తినుండి వచ్చిన ధనము తోడయ్యెను. అందుచే దానికి లనియాదో వైద్యశాలయని పేరు వచ్చెను. అది 1975లో తలుపులు తెరచెను. ప్రారంభదశయందే నెలకొల్పిన విభాగములలో ప్రసూతివిభాగ మొకటి. పదునొకండుగురు బిడ్డలను బూడిదపాలు చేసికొనిన తండ్రి కట్టించిన వైద్యశాలలో మొదటినుండియు వినబడినది అప్పుడే పుట్టిన శిశువుల యేడుపు. వసిష్ఠుల కథ మరల మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఆ వైద్యశాల మతనియమములను మిక్కిలి నిష్ఠతో పాటించునది. సబ్బాతు దినమున నేమి చేయవచ్చును, ఏమి చేయరాదు అనునది అచ్చట శాస్త్రప్రకారము నిర్ణీతమై యుండును. అయినను రోగి యూదుడా, అరబ్బా, నిష్ఠాపరుడా, నాస్తికుడా యని విచారింపక చికిత్స చేయవలెననుట దాని మూలనియమము. పనివారు సమ్మె చేసి రోగిని విడిచిపెట్టరాదను నియమము కూడ మొదటినుండి యున్నది. దేశమంతట వైద్యులు సమ్మె చేసిన దినములందును అది మూతపడలేదని దానికి ఖ్యాతి. దాదులకు శిక్షణ నిచ్చు పాఠశాలను గూడ దానికి చేర్చిరి. నిష్ఠయు, ఔదార్యమును ఒక్కచోట నిలువవనువారికి ఆ భవనము ప్రత్యుత్తరము.

జీవితపు చివరిభాగమున వారు విద్యపై మరల దృష్టి నిలిపిరి. బాబిలోను తాల్ముదు అను ధర్మశాస్త్ర గ్రంథమునకు 2,711 పత్రములు గలవు. దానిని సంపూర్ణముగా నభ్యసించువారు పెరుగవలెనని 1982లో మిఫల్ హషాస్ అను సంస్థను స్థాపించిరి. అందు చేరిన విద్యార్థులు నెలనెలా పరీక్ష నిచ్చి, ఉత్తీర్ణులైనచో వేతనము పొందుదురు. నలుబదేండ్లు బాలురకు పాఠములు చెప్పిన మాకు ఈ యేర్పాటు మిక్కిలి నచ్చినది. ‘చదువుము, చదువుము’ అని ఉపదేశించుట సులభము. చదువుకొనువాని యింట పొయ్యి వెలుగుచున్నదో లేదో చూచుట కష్టము. రెబ్బెగారు రెండవ పని చేసిరి. వారి ధర్మనిర్ణయములు ‘దివ్రే యత్సీవ్’ అను పేరను, ఉపన్యాసములు ‘షెఫా హయ్యీమ్’ అను పేరను గ్రంథములుగా వెలువడినవి. 1994 జూన్ 18వ తేదీన, ఎనుబది తొమ్మిదవ యేట, వారు పరమపదించిరి. నెతన్యాయందే వారి సమాధి గలదు. కుమారు లిరువురును, ఒకరు నెతన్యాలోను, మరియొకరు బ్రూక్లిన్‌లోను, గురుపీఠముల నధిష్ఠించిరి.

సోదరులారా! ఇక మా విన్నపమును ముగింతుము. మన సంఘమునకు వచ్చిన కష్టములను ఆ మహావిపత్తుతో పోల్చుట పాపము. మేమట్టి సాహసము చేయము. కాని వారి జీవితమును చదువుచుండగా మాకొక పాతసంగతి జ్ఞప్తికి వచ్చి తలవంపు కలిగినది. దానిని ఈ సభలో చెప్పుట మా ధర్మము.

చాలకాలము క్రిందట ఒక పట్టణమున చందాలతో నడుచు నొక విద్యార్థి వసతిగృహపు కార్యనిర్వాహకులలో మేమొకరము. ఒక వర్షాకాలమున, అన్యకులమువాడగు నొక బాలుడు, తండ్రిలేనివాడు, తల్లితో వచ్చి, వరండాలోనైన పడుకొందును, చోటిప్పింపుడని యడిగెను. గృహమున రెండు మంచములు ఖాళీగా నుండెను. మేము సభచేసి చర్చించితిమి. ‘ఈ ధనము మనవారిది, మనవారికే’ అని తీర్మానమయ్యెను. మేమును చేయెత్తితిమి. ఆ తీర్మానమును ఆ తల్లికి తెలుపు పని, ఉపాధ్యాయులము గనుక, మాపై పెట్టిరి. ఆమె యొక్కమాటయు ననలేదు. కుమారుని తల కొంగుతో కప్పి, వానలోనికి నడిపించుకొని పోయెను. ఆ బాలుడేమయ్యెనో మేమెరుగము.

రెబ్బెగారు ఆ బాలిక శిరస్సుపై వస్త్రము కప్పి దీవించిన వృత్తాంతము చదివిననాడు ఆ కొంగు మా కన్నులకు కట్టెను.

స్వసంఘాభిమానము తప్పుకాదు. రెబ్బెగారికంటె స్వసంఘాభిమాని యెవడు? వస్త్రధారణము మొదలు వంటవరకు తమ పూర్వాచారములలో నొక్కదానిని వారు విడువలేదు. తమ బిడ్డలకు తమ విద్యయే చెప్పించిరి. కాని కట్టిన వైద్యశాలకు మాత్రము ద్వారపాలకుని పెట్టి ‘నీవెవ్వడవు?’ అని యడిగింపలేదు. ‘నీవెవ్వడవు?’ అని యడిగి, ఆ జవాబునుబట్టి మనుష్యులను కుడియెడమలకు త్రోసిన ద్వారము నొకదానిని వారు కన్నులార చూచియుండిరి.

ఈ సంవత్సరము మన సంఘము క్రొత్త వసతిగృహమునకు చందాలు సేకరింపనున్నదని విని సంతోషించితిమి. మా యల్పశక్తికొలది మేమును చందా సమర్పించుచున్నాము. దానికి మేము పెట్టు నియమమొక్కటియే. ఆ గృహమున నొక్క మంచమైనను, వానలో వచ్చి తలుపు తట్టిన బాలునికై, వాని కులమడుగక, ఉంచవలెను. ఇది తీర్మానముగా ప్రతిపాదించుటలేదు. తీర్మానమునకు చేయెత్తుట యెంత సులభమో మే మెరుగుదుము. ఒక వృద్ధోపాధ్యాయుని ప్రార్థనగా మన్నింప వేడుచున్నాము.

మన బిడ్డలకును, ఎల్లవారి బిడ్డలకును శుభమగు గాక!